రోజూ జేబులో, రాత్రి ఇంట్లో: చిన్న టాక్టికల్ టార్చ్ ఏది తీసుకోవాలి?

గట్టుమీద_ఇల్లు
ఊరి చివర ఇల్లు. బస్సు దిగాక 400 మీటర్ల మట్టిదారి, ఒక పక్క కాలువ, ఇంకో పక్క తుమ్మచెట్లు. ఉన్న వీధిలైటు ఒక్కటే, అదీ సగం రోజులు వెలగదు. రోజూ జేబులో పెట్టుకునే టార్చ్ కావాలి. రాత్రిపూట ఇంటి చుట్టూ అలికిడి అయితే అదే పనికిరావాలి. ఆన్‌లైన్‌లో "10,000 లూమెన్లు, టాక్టికల్, జూమ్, 5 మోడ్లు, 9900 ఎంఏహెచ్" అని 699కి ఒకటి కనబడింది. ఇంకొకరు 1000 లూమెన్లే అని చెప్పి 3,000 దాకా అడుగుతున్నారు. పదో వంతు వెలుగుకి నాలుగు రెట్లు ధర ఏంటి? 699ది తీసుకోవచ్చా?

చీకటిపురుగు
వద్దు తమ్ముడూ. లెక్క వేసి చూడు. మంచి ఎల్‌ఈడీ, మంచి డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) కలిసినా వాట్‌కి సుమారు 100 లూమెన్లు వస్తాయి. 10,000 కావాలంటే 100 వాట్లు. ఒక్క 18650 సెల్ (18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవున్న, మళ్లీ చార్జ్ చేసుకునే లిథియం సెల్) 3.6 వోల్టులు, అంటే 28 ఆంపియర్లు లాగాలి. 3500 ఎంఏహెచ్ మంచి సెల్‌లు ఇవ్వగలిగేదే 8 నుంచి 10 ఆంపియర్లు. ఒకవేళ ఇచ్చిందే అనుకో, సెల్‌లో ఉన్న మొత్తం శక్తి 12.6 వాట్-అవర్లు. ఏడున్నర నిమిషాల్లో ఖాళీ.
9900 ఎంఏహెచ్ 18650 అసలు లేదు. ఆ సైజులో మార్కెట్లో దొరికే నిజమైనవి చాలావరకు 3500 దగ్గర ఆగిపోతాయి. శాంసంగ్ 35ఈ అయినా, ఎల్‌జీ ఎంజే1 అయినా అంతే. సెల్ మీదే అబద్ధం రాసినవాడు టార్చ్ మీద నిజం రాయడు.

పాలమూరు_రైతుబిడ్డ
గా జూమ్ టార్చీలు మా దగ్గర సంతల్ల గుట్టలు పోసి అమ్ముతరు. ముందుకు లాగితే వెలుగు గోడ మీద చతురస్రం లెక్క పడ్తది, దాని చుట్టూ అంతా చీకటే. అడుగు ముందున్నది కనబడది. ఇంకోటి, గా తల జారే సందుల నుంచే వాన నీళ్లు లోపలికి పోతయి. మోటరు కాడికి పోయేటోనికి అది పనికొచ్చేది కాదు.

గట్టుమీద_ఇల్లు
సరే, 699ది వదిలేశా. మరి 1000 లూమెన్లు నిజంగా సరిపోతాయా?

చీకటిపురుగు
1000 కూడా రోజూ అక్కర్లేదు. లూమెన్ అంటే టార్చ్ నుంచి బయటికొచ్చే మొత్తం వెలుగు. అది ఎంత దూరం పోతుందో చెప్పేది కాండెలా. పెట్టె మీద రెండూ ఉంటేనే కొను. దూరం లెక్క తేలిక: కాండెలాకి వర్గమూలం తీసి రెండుతో గుణించు. 10,000 కాండెలా అంటే 200 మీటర్లు. కానీ ఆ 200 మీటర్ల చివర పడేది పావు లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత), అంటే పున్నమి వెన్నెలంత. అక్కడున్నది మనిషో మొద్దో తెలియదు. 50 మీటర్ల దగ్గర అదే టార్చ్ 4 లక్స్ ఇస్తుంది, మనిషి కదలిక తేటగా తెలుస్తుంది. కాబట్టి పెట్టె మీద దూరాన్ని నాలుగో వంతుకు దించి చదువుకో.
నీ మట్టిదారికి 5,000 నుంచి 10,000 కాండెలా, నడవడానికి 100–150 లూమెన్ల మోడ్, అవసరమైతే నొక్కడానికి 600–1000. అంతే.

నైట్‌షిఫ్ట్_నర్స్
పెట్టె మీద టైమ్ కూడా అలాగే దించి చదవాలి. ఎఫ్‌ఎల్‌1 ప్రమాణం ప్రకారం (2009 నుంచి ఉంది) వెలిగించిన 30 సెకన్లకు ఉన్న వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన సమయాన్ని రన్‌టైమ్ అంటారు. "1000 లూమెన్లు, 2 గంటల 30 నిమిషాలు" అని ఉంటే 1000 వచ్చేది ఒకటి రెండు నిమిషాలే. మిగతాదంతా 300 దగ్గరో, ఇంకా కిందో. కంపెనీ రన్‌టైమ్ గ్రాఫ్ ఇస్తే అది చూడండి, లేకపోతే 300 లూమెన్ల మోడ్ ఎంతసేపని రాశారో చూడండి. 3500 సెల్‌తో మరీ ఎక్కువ గంటలు రాసి ఉంటే నాకు అనుమానమే.

సోల్డర్_సుబ్బు
అక్క చెప్పిన ఆ పడిపోవడం మోసం కాదు, వేడి. 10 వాట్లు లాగితే సుమారు 7 వాట్లు వేడిగానే పోతుంది. 100 గ్రాముల అల్యూమినియం ఒళ్లు నిమిషానికి నాలుగైదు డిగ్రీలు ఎక్కుతుంది. మే నెలలో 42 డిగ్రీల గాలిలో మొదలుపెడితే నాలుగు నిమిషాల్లో చెయ్యి పెట్టలేవు. అందుకే మంచి టార్చ్ తనంతట తాను తగ్గించుకుంటుంది. తగ్గించుకోనిది ఎల్‌ఈడీని, సెల్‌ని రెంటినీ తినేస్తుంది. చిన్న టార్చ్‌లో 2000, 3000 లూమెన్లు రాసి ఉంటే అది కొన్ని సెకన్ల మాటే.

గోదారి_లంక
ఇంత హంగామా ఎందుకండీ. ఏఏ సెల్ టార్చ్ తీసుకోండి. లిథియం సెల్ అయిపోతే మా లంకలో ఎక్కడ దొరుకుతుంది? ఏఏ అయితే కిళ్లీ కొట్లో కూడా ఉంటుంది.

చీకటిపురుగు
గోదారి గారి మాటలో పాయింట్ ఉంది, కాదనను. కానీ ఆల్కలైన్ ఏఏ టార్చ్‌లో ఉంచి మర్చిపోతే కారుతుంది. అవసరం పడిన రాత్రి మూత కూడా రాదు. ఏఏ వాడేట్టయితే 2000 ఎంఏహెచ్ ప్రాంతంలో ఉండే, చార్జ్ నిలబెట్టుకునే రకం నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లు వాడండి. కిళ్లీ కొట్టు సెల్ అత్యవసరానికి మాత్రమే.
ఏఏ, లిథియం రెండూ మింగే టార్చ్‌లు ఉన్నాయి. సోఫిర్న్ ఎస్పీ10 ప్రో ఏఏతోనూ, అదే సైజు 3.7 వోల్టుల 14500తోనూ నడుస్తుంది. స్ట్రీమ్‌లైట్ ప్రోటాక్ 1ఎల్-1ఏఏ మీద సీఆర్123ఏ (3 వోల్టుల పొట్టి లిథియం సెల్) వేస్తే 350 లూమెన్లు, ఏఏ వేస్తే 150. ఒక్క జాగ్రత్త: "ఏఏ మాత్రమే" అని రాసిన టార్చ్‌లో 14500 పెట్టొద్దు. నిండు చార్జ్‌లో అది 4.2 వోల్టులు, డ్రైవర్ మాడిపోతుంది.

సోల్డర్_సుబ్బు
కారిన టార్చ్‌ని పారేయక్కర్లేదు. ఆల్కలైన్ నుంచి కారేది క్షారం, పొటాషియం హైడ్రాక్సైడ్. చెవి పుల్లకి నిమ్మరసం గానీ వెనిగర్ గానీ అద్ది తుడవండి. పాత జింక్-కార్బన్ సెల్ కారితే ఆమ్లం, దానికి తినే సోడా నీళ్లు. తర్వాత రెంటికీ స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాలి. కళ్లకి, చేతికి తగలనివ్వకండి.

పాలమూరు_రైతుబిడ్డ
అన్నా, రోజూ వాడేటోనికి 18650నే మంచిది. గోదారి అన్న చెప్పినట్టు సెల్లు దొరకదనుకుంటే రెండోది కొని పెట్టుకుంటే అయిపాయె.

గట్టుమీద_ఇల్లు
18650 అనే ఫిక్స్ అవుతున్నా. బటన్ సంగతి చెప్పండి. కొన్నింటికి తోకలో, కొన్నింటికి పక్కన ఉంది.

చీకటిపురుగు
ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. వెలుగు కన్నా బటన్ ముఖ్యం. చీకట్లో, చెమట చేత్తో, కంగారులో పట్టుకున్నప్పుడు వెతక్కుండా బొటనవేలికి తగలాలి. తోక బటన్ అయితే ఎటు తిప్పి పట్టుకున్నా తోక తోకే. పక్క బటన్‌ని వేలితో తడుముకోవాలి.
తోక బటన్‌లోనూ రెండు రకాలు. ఫార్వర్డ్ క్లిక్‌ని సగం నొక్కితే వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది, పూర్తిగా నొక్కితే నిలుస్తుంది. రివర్స్ క్లిక్‌ని పూర్తిగా నొక్కి వదిలాకే వెలుగుతుంది, తర్వాత సగం నొక్కులతో మోడ్ మారుతుంది. ఇంటి రక్షణకి ఫార్వర్డ్ కావాలి. కాన్వాయ్ ఎస్2+ బాగా కట్టిన టార్చే, ధరకి మించి పనిచేస్తుంది, కానీ దానిది రివర్స్. ఫీనిక్స్ పీడీ35లో వెలిగించడానికి తోక బటన్, మోడ్ మార్చడానికి పక్క బటన్. నా దృష్టిలో సరైన పద్ధతి అదే. నీ బడ్జెట్ దాటుతుందేమో.

నైట్‌షిఫ్ట్_నర్స్
ఇందులో పూర్తిగా ఒప్పుకోను. రోజూ వాడేవాళ్లకి పక్క బటనే సుఖం. నొక్కి పట్టుకుంటే ఒక్క లూమెన్ దగ్గర మొదలవుతుంది, పక్కన పడుకున్నవాళ్లకి నిద్రాభంగం ఉండదు. తోక బటన్ టార్చ్‌లు చాలావాటిలో "చివర వాడిన మోడ్ గుర్తుంచుకోవడం" ఉంటుంది. నిన్న 1000లో ఆపితే అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు 1000 కళ్లల్లో కొడుతుంది. చీకటికి అలవాటు పడిన కన్ను మళ్లీ పూర్తిగా అలవాటు కావడానికి 20–30 నిమిషాలు పడుతుంది.

చీకటిపురుగు
అక్కా, మోడ్ గుర్తుంచుకునే విషయంలో మీదే రైటు. అందుకే ఇంట్లో రెండు టార్చ్‌లు ఉండాలంటాను: మంచం పక్కన తక్కువ వెలుగుదొకటి, తలుపు దగ్గర తోక బటన్‌దొకటి. ఒక్కటే కొంటే మోడ్ గుర్తుంచుకోనిది, ఎప్పుడూ 150–300లో మొదలయ్యేది చూడు.

గోదారి_లంక
స్ట్రోబ్ (టపటపా వెలిగి ఆరే మోడ్) ఉంటే దొంగ కళ్లు తిరిగి పడిపోతాడంటారే?

చీకటిపురుగు
పడిపోడు. చికాకు పడతాడు, నీకూ అంతే చికాకు. తెల్ల గోడల గదిలో స్ట్రోబ్ కొడితే వెలుగు తిరిగొచ్చి నీ కళ్లకే తగులుతుంది, ఎదుటివాడి చేతులు ఎటు కదులుతున్నాయో కనబడదు. కుక్కల మీద నమ్మకంగా పనిచేయదు. మూర్ఛ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే అసలు వాడొద్దు. స్ట్రోబ్ మామూలు మోడ్‌ల వరుసలో ఉండకూడదు. లో, హై, స్ట్రోబ్ అని తిరిగే టార్చ్ కొంటే లో కోసం నొక్కిన ప్రతిసారీ మిణుకు మిణుకు.

పొదల_పక్కన
పాములు పట్టే పనిలో టార్చ్ రోజూ చేతిలోనే ఉంటుంది కాబట్టి రంగు గురించి చెప్తా. ఇక్కడెవరూ దాని ఊసెత్తలేదు. కాలువ పక్కన మట్టిదారి అంటున్నారు, మీకు దొంగ కన్నా పాము ముందు ఎదురవుతుంది.
చవక టార్చ్‌లది 6500 కెల్విన్, నీలం కలిసిన తెలుపు, సీఆర్‌ఐ (రంగులు ఎంత అసలుగా కనబడతాయో చెప్పే అంకె, గరిష్ఠం 100) 70. ఆ వెలుగులో ఎండుటాకు గోధుమ రంగు, రక్తపింజర గోధుమ రంగు రెండూ బూడిద రంగులో కలిసిపోతాయి. 4000 నుంచి 5000 కెల్విన్, సీఆర్‌ఐ 90 పైన తీసుకుంటే పింజర ఒంటి మీద గుడ్డు ఆకారపు మచ్చలు విడిగా కనబడతాయి. నిచియా 519ఏ, శాంసంగ్ ఎల్‌హెచ్351డీ లాంటి ఎల్‌ఈడీల పేర్లతో పాటు సీఆర్‌ఐ 90 అని కూడా ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు. వెలుగు ఇరవై ముప్పై శాతం తగ్గుతుంది, తగ్గనివ్వండి.
టార్చ్ నడుము కింద పట్టుకోండి. వెలుగు వాలుగా నేల మీద పడితే ప్రతి గడ్డకీ, ప్రతి వంపుకీ నీడ వస్తుంది, పడుకున్న పాముకీ వస్తుంది. తలకి కట్టుకునే లైటు కంటి పక్కనుంచే పడుతుంది కాబట్టి నీడ కనబడదు, నేలంతా చదునుగా అనిపిస్తుంది. పైగా పురుగులన్నీ ముఖం మీదే. అడుగు ముందు రెండు మూడు మీటర్లు చూస్తూ నడవండి, దూరానికి మధ్యమధ్యలో ఒక్కసారి కొట్టి చూడండి.

పాలమూరు_రైతుబిడ్డ
ఇది వంద శాతం నిజం. కట్లపాము రాత్రే తిరుగుతది, ఇంట్లకు కూడా వస్తది. నేల మీద పండుకునేటోళ్లు దోమతెర అంచులు పరుపు కింద చెక్కుకోవాలె, టార్చి తెర లోపల పెట్టుకోవాలె. బయట పెడ్తే చీకట్ల చెయ్యి పెట్టి తడుముడే కదా, గదే ప్రమాదం.

పొదల_పక్కన
దోమతెర మాట బాగా చెప్పారు. ఒకవేళ కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం ఏదీ వద్దు. కదలకుండా ఉంచి 108.

గట్టుమీద_ఇల్లు
ఇంట్లో అలికిడి అయితే టార్చ్‌తో అసలు ఏం చెయ్యాలి? తల దగ్గర పళ్లు పళ్లుగా ఉన్నవి చూశా, కొట్టడానికా?

చీకటిపురుగు
ఆ పళ్లు జేబు చింపుతాయి, విమానాశ్రయంలో ఆపుతారు. చదునైన అంచున్నదే తీసుకో. పని వరస ఇది. ముందు లోపలి నుంచే బయటి బల్బుల స్విచ్‌లు వెయ్యి. తలుపు తీయకు. కిటికీ అద్దానికి టార్చ్ ఆనించి కొట్టు. అద్దానికి దూరంగా పట్టుకుంటే వెలుగు అద్దం మీద నుంచి నీ మీదకే వస్తుంది. గదిలో చూడాలంటే తెల్ల సీలింగ్ మీదకి 300 లూమెన్లు కొడితే గది మొత్తం కనబడుతుంది. మనిషి కనబడితే ముందు చేతులు చూడు. పక్కింటి తాతయ్యో, తాగి దారి తప్పినవాడో అయ్యుంటే అది తెలుసుకోవడానికే టార్చ్. టార్చ్ ఒక చేతిలో, ఫోన్ ఇంకో చేతిలో, 112.

నల్లకోటు
చీకటిపురుగు గారి వరస చట్టానికీ సరిపోతుంది. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. 37వ సెక్షన్ హద్దు గీస్తుంది: రక్షణకి అవసరమైన దానికి మించి హాని చేయకూడదు, పోలీసుల సాయం పొందే సమయం ఉన్నప్పుడు ఈ హక్కు వర్తించదు. పారిపోయేవాణ్ని వెంటాడి టార్చ్‌తో తల మీద కొడితే ఆత్మరక్షణ అని నిలబెట్టడం కష్టం. ఎదురొచ్చే బండివాడి కళ్లలో కొట్టడం కూడా మానండి, ప్రమాదం జరిగితే మీ మీదకే వస్తుంది.

గోదారి_లంక
లుంగీలో ఉన్నప్పుడు క్లిప్ ఎక్కడ తగిలించాలో కూడా చట్టంలో ఉందా లాయరు గారూ?

పాలమూరు_రైతుబిడ్డ
మొలతాడుకు కట్టుకో అన్నా, మోడ్ మెమరీ అక్కర లేదు.

నైట్‌షిఫ్ట్_నర్స్
లుంగీ, చీర, నైటీ అన్నిటికీ ఒకటే జవాబు: తోకలో దారం రంధ్రం ఉన్నది కొనండి. మణికట్టుకి కట్టుకుంటే జారిపడినా కాలువలోకి పోదు. బ్యాగులో వేసుకునేవాళ్లు మాత్రం లాక్ చేసి వేయండి. హై మోడ్‌లో అనుకోకుండా వెలిగితే బ్యాగు గుడ్డ కమిలిపోతుంది. ఎస్పీ10 ప్రోకి ఆరి ఉన్నప్పుడు నాలుగు నొక్కులు కొడితే లాక్, మళ్లీ నాలుగు కొడితే అన్‌లాక్. మామూలు తోక బటన్‌వాటికి తోక మూత కాస్త వదులు చేస్తే చాలు.

డాలస్_డబ్బా
ఇక్కణ్నుంచి ఊరికి వచ్చేటప్పుడు టార్చ్ తెమ్మని అడుగుతుంటారు. విడి లిథియం సెల్‌లు చెక్-ఇన్ సూట్‌కేస్‌లో వేయకూడదు. చేతి సంచిలోనే, ఒక్కొక్కటీ ప్లాస్టిక్ డబ్బాలో. 12.6 వాట్-అవర్లు కాబట్టి 100 పరిమితికి చాలా లోపలే ఉంటుంది. టార్చ్‌ని సెల్ తీసేసి పెట్టండి.

సోల్డర్_సుబ్బు
విడి సెల్‌ని తాళంచెవులతో కలిపి జేబులో వేసుకునేవాళ్లని చూస్తే గుండె ఆగుతుంది. 18650కి పాజిటివ్ చుట్టూ ఉన్న డబ్బా అంతా నెగెటివే, పలచని ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే అడ్డం. అది చిరిగితే తాళంచెవి చాలు షార్ట్ కావడానికి. తొడుగు చిరిగితే కొత్తది వేయించండి, పాజిటివ్ పక్కన తెల్ల రింగ్ తప్పకుండా ఉండాలి.
ఇంకా, కొత్త టార్చ్ రాగానే చెయ్యాల్సినవి. సెల్ తూయండి. నిజమైనది 45 నుంచి 50 గ్రాములు. 30 గ్రాములుంటే వెనక్కి పంపండి (బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, లోపల పొడి నింపేవాళ్లూ ఉన్నారు, కానీ తక్కువ బరువు మాత్రం ఖాయంగా నకిలీ). యూఎస్‌బీ-సి ఉంటే రెండు వైపులా సి ఉన్న కేబుల్‌తో చార్జ్ అవుతుందో చూడండి. అందుకు కావాల్సిన 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు పెట్టకుండా మిగుల్చుకునేవాళ్లున్నారు. అప్పుడు పాత చదరపు పిన్ చార్జర్‌తోనే ఎక్కుతుంది. నీళ్ల సంగతి: ఐపీఎక్స్4 అంటే చినుకులు, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో 30 నిమిషాలు. కాలువ పక్కన ఉన్నవాళ్లకి 7 గానీ 8 గానీ.
ఓ-రింగ్‌కి ఏడాదికి రెండుసార్లు సిలికాన్ గ్రీజు, బియ్యపు గింజంత. కొబ్బరి నూనె, వాజిలిన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది.

గట్టుమీద_ఇల్లు
సుబ్బు గారూ, మిణుకుమంటే ఏం చూడాలి?

సోల్డర్_సుబ్బు
మామూలు తోక బటన్ టార్చ్ అయితే: తోక మూత విప్పు. సెల్ వెనక నెగెటివ్‌ని, గొట్టం అంచు మీద బయటపడిన తెల్ల అల్యూమినియంని ఒక చిన్న తీగతో ఒక్క క్షణం కలుపు. వెలిగిందంటే జబ్బు తోకలో ఉంది. లోపల రెండు చిన్న గాట్లున్న ఇత్తడి రింగ్ కనబడుతుంది, ట్వీజర్ కొసలు ఆ గాట్లలో పెట్టి బిగించు. పదికి ఎనిమిది సార్లు అదే వదులై ఉంటుంది. వెలగలేదంటే సెల్, లేదా తల లోపలి స్ప్రింగ్. గొట్టం అంచుని స్పిరిట్‌తో తుడువు, అక్కడ నల్లబడినా మిణుకే. గొట్టం లోపల ఇంకో గొట్టం ఉన్న ఎలక్ట్రానిక్ తోక టార్చ్‌లకి ఈ తీగ పరీక్ష చెయ్యకు.

గట్టుమీద_ఇల్లు
తెప్పించా. 18650, ఫార్వర్డ్ తోక బటన్, 5000 కెల్విన్, సీఆర్‌ఐ 90, ఐపీఎక్స్8, 800 లూమెన్లు, 7,000 కాండెలా. సెల్ మా ఊరి బంగారం కొట్లో తూయించా, 46 గ్రాములు. సి నుంచి సి చార్జ్ ఎక్కుతోంది. ఒక్కటే ఇబ్బంది: లాక్ కోసం తోక మూత పావు తిప్పు వదులు చేసినా వెలుగుతూనే ఉంది.

సోల్డర్_సుబ్బు
మరల మీద పూత ఉందా లేదా చూడు. మల్టీమీటర్ బీప్‌లో పెట్టి, ఒక కొస గొట్టం అంచు మీద, ఒక కొస మరల మీద. బీప్ వస్తే మరలు ఉత్త లోహం, కరెంటు వాటి గుండానే పోతుంది, ఎంత వదులు చేసినా లాక్ కాదు.

గట్టుమీద_ఇల్లు
బీప్ రాలేదు.

సోల్డర్_సుబ్బు
అయితే పూత ఉంది. మరల పిచ్ సన్నగా ఉంటే పావు తిప్పుకి అంచు విడిపడదు. సగం తిప్పి చూడు.

గట్టుమీద_ఇల్లు
సగానికి ఆరింది. మూత మీద ఒకటి, గొట్టం మీద ఒకటి తెల్ల పెయింట్ చుక్కలు పెట్టా, పూర్తిగా బిగించినప్పుడు ఎదురెదురుగా వచ్చేలా.

నైట్‌షిఫ్ట్_నర్స్
చీకట్లో చుక్కలు కనబడవు కదా. ఆ రెండు చోట్లా ఫెవిక్విక్ ఒక్కో బొట్టు వేసి ఆరనివ్వండి, వేలికి తగులుతాయి. మూత సందులోకి మాత్రం పోనివ్వకండి.